గోడకి అటువైపే బడి, దారి మాత్రం రెండున్నర కిలోమీటర్లు: మన కాలనీల వీధులు ఎందుకు కలవడం లేదు?

పోరంకి పడమర | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇవాళ కొలతలతో సహా రాస్తున్నాను.

మాది విజయవాడ పక్కన పోరంకిలో, బందరు రోడ్డుకి లోపలగా ఉన్న కాలనీ. ఆరేళ్ల కింద ఇల్లు కట్టుకున్నాం. మా వీధి చివర ఎనిమిది అడుగుల గోడ ఉంది. దాని వెనక ఇంకో కాలనీ, ఆ కాలనీలోనే మా పాప బడి. మా డాబా ఎక్కితే బడి జెండా కర్ర కనిపిస్తుంది, పొద్దున ప్రార్థన గంట వినిపిస్తుంది. ఫోన్లో మ్యాప్ మీద గీత గీస్తే 230 మీటర్లు. పాపని దింపాలంటే మాత్రం మా ఆర్చి దాటి, బందరు రోడ్డు ఎక్కి, యూటర్న్ దాకా పోయి, వెనక్కి వచ్చి, వాళ్ల ఆర్చిలోంచి లోపలికి వెళ్లాలి. స్కూటీ మీటరు చూశాను, 2.4 కిలోమీటర్లు. అంటే పది రెట్లు.

మొన్న గురువారం యూటర్న్ దగ్గర ఒక టిప్పర్ మా పక్కనుంచి ఎంత దగ్గరగా పోయిందంటే, వెనక కూర్చున్న పాప నా నడుం పట్టుకున్న చేతులు ఒక్కసారిగా బిగించింది. బడి గేటు దగ్గర దిగాక కూడా వదల్లేదు.

నేను పుట్టి పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో. అక్కడ ఏ సందులో దూరినా ఇంకో వీధిలో తేలేవాళ్లం. ఇక్కడ మా రోడ్డు 33 అడుగులు, ఆ సందులు పది పన్నెండు అడుగులు. రోడ్లు వెడల్పయ్యాయి సరే, ఒకదానికొకటి కలవడం ఎందుకు మానేశాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట 4/7 | శనివారం రాత్రి 9:48

అమ్మా, నా పేరు చూస్తేనే సగం జవాబు తెలుస్తుంది. 4/7 అంటే బ్రాడీపేటలో నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. గుంటూరులో మా పేటకీ, రైలు కట్టకి అవతల ఉన్న అరండల్‌పేటకీ చిరునామా అలాగే చెబుతాం. నిలువుగా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు. కొత్తగా వచ్చినవాడికి రెండు అంకెలు చెబితే చాలు, ఎవర్నీ అడగకుండా ఇంటి ముందు నిలబడతాడు.

నాకు అరవై ఎనిమిదేళ్లు. నా కళ్ల ముందే మా లైనులో పెంకుటిళ్లు డాబాలయ్యాయి, డాబాలు అపార్టుమెంట్లయ్యాయి. కింద ఆసుపత్రులు, మందుల షాపులు, కోచింగ్ సెంటర్లు వచ్చాయి. ఇళ్లు మూడుసార్లు మారాయి గానీ వీధులు గీసినవి గీసినట్టే ఉన్నాయి. జనం ఇన్ని రెట్లు పెరిగినా మా పేట ఇంకా నడుస్తోందంటే కారణం ఒకటే. నాలుగో లైనులో లారీ అడ్డం పడితే ఐదో లైనులోంచి పోతాం.

మా కష్టం రైలు కట్ట దగ్గర. ఇటు పేటలో అడుగడుగునా కూడలి, అటు పేటలో అడుగడుగునా కూడలి, మధ్యలో కట్ట దాటాలంటే లెక్కపెట్టినన్ని దారులే. శంకర్‌విలాస్ దగ్గర బ్రిడ్జి, ఆ పక్కన మూడు వంతెనలు, ఇంకొకటో రెండో. బ్రిడ్జి పని పెట్టిన రోజున ఊరు ఊరంతా మూడు వంతెనల కిందకి వచ్చి పడుతుంది.

ఆటోస్టాండ్ బెంజిసర్కిల్ | శనివారం రాత్రి 10:05

మేడమ్, నేను ఇరవై రెండేళ్లుగా ఆటో తోలుతున్నా. వన్‌టౌన్లో కిరాయి వస్తే టైము పడుతుంది గానీ టెన్షన్ ఉండదు, ఒక సందు మూసుకుంటే ఇంకో సందు. కానూరు, పోరంకి, తాడిగడప వైపు లోపలి కాలనీ కిరాయి అంటే మాత్రం ముందే ఆలోచిస్తా. దింపాక అదే దారిన వెనక్కి రావాలి. వచ్చేటప్పుడు బేరం దొరకదు, ఆ వీధిలో ఎదురయ్యేది ఆ వీధి వాళ్లే కదా. అందుకే లోపలికి ఇరవై రూపాయలు ఎక్కువ అడుగుతాం. జనం మామీద కోప్పడతారు. రోడ్డు కలిసి ఉంటే మేమూ అడగం.

గొలుసు సర్వేయర్ | ఆదివారం ఉదయం 6:30

నేను లైసెన్సు సర్వేయర్‌ని. ముప్పై ఏళ్లలో ఈ చుట్టుపక్కల ఎన్ని లేఅవుట్లు గీశానో లెక్కలేదు. అమ్మాయి అడిగిన ప్రశ్నకి కొంత జవాబుదారీ నాది కూడా, కాబట్టి వివరంగా రాస్తాను.

మన ఊరి చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా. కాలువల కింద మాగాణి. ఒక్కో రైతుది రెండెకరాలు, మూడెకరాలు, మహా అయితే ఐదు. మధ్యలో గట్లు, పంట బోదెలు, మురుగు కోడులు. బండ్లు పోవడానికి ఊరుమ్మడి డొంకలు. ఊరు పెరిగి పొలం మీదకి వచ్చేటప్పుడు ఊరంతా ఒకేసారి రాదు. ఈ ఏడాది ఒక రైతు అమ్ముతాడు, నాలుగేళ్లకి పక్క రైతు అమ్ముతాడు. వెంచర్ వేసేవాళ్లు తాము కొన్న చెక్క వరకే ప్లాను గీయమంటారు. బందరు రోడ్డు నుంచి లోపలికి ఒక దారి, దానికి అటూ ఇటూ కొమ్మలు, కొమ్మ చివర హద్దు. గట్టు ఉన్నచోట గోడ లేస్తుంది.

చివర రోడ్డుని పక్క పొలం హద్దు దాకా తెరిచి ఉంచమని నేను చాలామందికి చెప్పాను. రేపు అక్కడా లేఅవుట్ వస్తే కలుస్తుందని. రెండు మాటలు వచ్చేవి. ఒకటి, అక్కడ 150 గజాల ప్లాటు ఒకటి తేలుతుంది కదా అని. రెండు, పక్కవాడు మన రోడ్డు వాడుకుని మనకంటే తక్కువకి అమ్ముతాడని. తమాషా కాదు, నిజంగా ఇవే కారణాలు. అలా ఒక్కో ప్లాటు కోసం మూసిన చివరలు ఇవాళ వందలుగా ఉన్నాయి. వాటి బరువంతా మోసేది ఒక్క బందరు రోడ్డు.

ఇంకో సంగతి. వీధి చివర ఇల్లు కొనేవాళ్లు వీధిపోటు అని భయపడతారు. అందుకని చివర గోడ కట్టి వేపచెట్టు నాటితే బాగుంటుందని కాలనీ వాళ్లే అడుగుతారు. నేను వాళ్లతో ఒకటే అనేవాణ్ని. వీధి ఆగితేనే పోటు, సాగిపోతే పోటెక్కడిది?

చట్టం వైపు నుంచి కూడా చూడండి. అనుమతి ఉన్న లేఅవుట్లో రోడ్లు, ఖాళీ స్థలం పంచాయతీకో మునిసిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసి ఇస్తారు. ఆ రోజు నుంచి అవి ప్రజల రోడ్లు. వాటి మీద గోడ కట్టే హక్కు కాలనీ సంఘానికి లేదు. ముందు మీ కాలనీ, పక్క కాలనీ గిఫ్ట్ డీడ్లు రాశాయో లేదో కనుక్కోండి. రెండోది, గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే పటం, తీసి చూడండి. మీరు చెప్పిన చోట పాత డొంక ఒకటి ఉండాలని నాకు గట్టి అనుమానం.

నిశ్శబ్ద వీధి | ఆదివారం ఉదయం 8:15

నేను వేరే మాట చెబుతాను, ఎవరూ బాధపడకండి. కానూరులో మాది చివర మూసి ఉన్న వీధి. ఆ వీధి చూసే కొన్నాం. సాయంత్రం పిల్లలు రోడ్డు మీద షటిల్ ఆడతారు. తెలియని బండి వస్తే అందరికీ తెలుస్తుంది. మా అమ్మకి ఎనభై ఏళ్లు, చేతికర్రతో వీధి ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తుంది, హారన్ మోత ఉండదు.

గోడ పగలగొడితే రేపు బందరు రోడ్డు జామ్ అయినప్పుడల్లా ఊళ్లో బండ్లన్నీ మా వీధిలోంచే పోతాయి. ఆ వీధి కలవాలని కోరేవాళ్లు మా పిల్లల గురించి కూడా ఆలోచించాలి.

ప్లానింగ్ చదువుతున్నా | ఆదివారం ఉదయం 10:40

పైన నిశ్శబ్ద వీధి గారి భయం న్యాయమైనదే. అందుకే రెండు సంగతులు విడదీసి చెప్పాలనిపించింది.

వీధులు ఎంత కలిసున్నాయో కొలవడానికి కూడలికి ఎన్ని చేతులున్నాయో లెక్కపెడతారు. నాలుగు చేతులుంటే చౌరస్తా, మూడైతే మనం టీ జంక్షన్ అనేది, ఒకటే అయితే దారి ముగిసినట్టు. దాంతోపాటు తిన్నగా గీత గీస్తే వచ్చే దూరానికి నడిచే దూరం ఎన్ని రెట్లో, ఆ నిష్పత్తి చూస్తారు. పోరంకి అక్క కొలిచింది సరిగ్గా అదే. బ్రాడీపేటలాంటి చోట ఆ నిష్పత్తి ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటుంది, అక్కకి పది వచ్చింది.

క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి కొలతలన్నీ కలిపి ఒక సూచిక తయారుచేశారు. అమెరికా మీద చేసిన పని 2015లో, ప్రపంచం మొత్తం మీద చేసినది 2020లో వచ్చాయి. అమెరికాలో 20వ శతాబ్దం పొడుగునా కొత్త వీధులు విడివిడిగా అయిపోతూ వచ్చి, 1990ల మధ్యకి ఆ పోకడ తారస్థాయికి చేరి, తర్వాత మళ్లీ కలవడం వైపు తిరిగాయి. చివర మూసిన వీధులు అక్కడ ఊరికే రాలేదు. న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే ఊరు 1929లో పిల్లల్ని కార్ల నుంచి కాపాడాలనే ఉద్దేశంతోనే అలా కట్టారు. 1930ల్లో ఇళ్ల అప్పులకి హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ కూడా అలాంటి వీధులనే మెచ్చుకుంది. ప్రపంచం మొత్తం చూస్తే 1975 నుంచి కొత్తగా వచ్చిన వీధులు పాతవాటికంటే తక్కువ కలిసున్నాయి.

వాళ్ల పనిలో నన్ను బాగా పట్టుకున్న విషయం బ్రాడీపేట తాతగారు తన కళ్లతో చూసి చెప్పినదే. ఇల్లు మారుతుంది, రోడ్డు తారు మారుతుంది, వీధుల అల్లిక మాత్రం ఒకసారి పడితే తరతరాలు ఉండిపోతుంది. అంటే ఇవాళ పోరంకిలో, గొల్లపూడిలో, నిడమానూరులో గీస్తున్న గీతలు మన మనవళ్లు కూడా నడిచే గీతలు.

ఇక రాడ్‌బర్న్‌లో ఒక విశేషం ఉంది, మనవాళ్లు దాన్ని వదిలేశారు. అక్కడ కార్ల దారి మూసినా నడిచేవాళ్ల బాటలు ఇళ్ల వెనక నుంచి అన్నీ కలిసే ఉంటాయి. మనం కార్లకి మూశాం, కాళ్లకీ మూశాం. నిశ్శబ్ద వీధి గారూ, మీ గోడలో ఐదడుగుల సందు తీసి, మధ్యలో రెండు ఇనుప స్తంభాలు పాతితే కారు రాదు. మీ అమ్మగారు అవతలి వీధిలో గుడికి కూడా నడిచి వెళ్లొచ్చు.

సింగ్‌నగర్ వాసి | ఆదివారం మధ్యాహ్నం 1:20

మీరంతా దూరం గురించి, పెట్రోలు గురించి మాట్లాడుతున్నారు. నేను నీళ్ల గురించి చెబుతా.

2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగుకి గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మా ఇంట్లో నడుం లోతు. అప్పుడు తెలిసింది మా పేటకి ఊళ్లోకి దారులు ఎన్నో. రైలు పట్టాలకి ఇటువైపు మేము, అటువైపు ఊరు. అండర్ బ్రిడ్జిలు నిండిపోయాయి. మిగిలింది సింగ్‌నగర్ ఫ్లైఓవర్. పడవలు అక్కడికే, ట్రాక్టర్లు అక్కడికే, అన్నం పొట్లాలు అక్కడికే, మంచి నీళ్ల ట్యాంకర్లు అక్కడికే. బయటికి రావాలన్నా అదే, లోపల ఉన్న తమ వాళ్ల కోసం వెళ్లాలన్నా అదే. మా నాన్నగారిని చెక్క మంచం మీద కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని ఆ ఫ్లైఓవర్ మొదలు దాకా తెచ్చాం. మామూలు రోజున పది నిమిషాల నడక. ఆ రోజు రెండు గంటలు పైనే పట్టింది.

ఇంకో రెండు చోట్ల ఎత్తుగా దాటే దారి ఉండుంటే ఆ జనం మూడు పాయలుగా విడిపోయేవాళ్లు. అందుకే ఎవరైనా ఒక్క దారి చాలు అంటే నా గుండె ఝల్లుమంటుంది.

వన్‌టౌన్ కొట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:02

అసలు బెజవాడకి పుట్టుకతోనే గీతలు పడ్డాయి. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క ఇంద్రకీలాద్రి, గుణదల కొండలు. మధ్యలో బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ. పైన మద్రాసు, హైదరాబాదు, విశాఖ వైపు పోయే రైలు పట్టాలు. ప్రతి పేటా ఒక దీవిలాంటిది, వంతెనలే దాని ప్రాణం. దేవుడూ ఇంజనీర్లూ పెట్టిన అడ్డాలే ఇన్ని ఉంటే, మనం మళ్లీ గోడలు కట్టుకోవడం బాధగా ఉంది.

మంచి ఉదాహరణ కూడా ఒకటుంది. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన చోట బీఆర్‌టీఎస్ (బస్సుల కోసం తలపెట్టిన) రోడ్డు వేశారు. అంతకుముందు రెండు ముక్కలుగా ఉన్న వీధులు ఇప్పుడు ఎన్నో చోట్ల ఆ రోడ్డు మీదకి వచ్చి కలుస్తున్నాయి. అడ్డంగా ఉన్నది దారిగా మారింది.

పైపుల మేస్త్రి | ఆదివారం సాయంత్రం 5:30

రోడ్డు ఆగిపోయిన చోట పైపు కూడా ఆగిపోతుంది, ఈ సంగతి ఎవరూ రాయలేదు. మంచినీళ్ల లైను గుండ్రంగా తిరిగి కలిస్తే రెండు వైపుల నుంచీ నీళ్లు వస్తాయి, ఒకచోట పగిలితే వాల్వు కట్టి రెండోవైపు నుంచి ఇవ్వొచ్చు. చివర మూసిన లైనులో నీళ్లు నిలవుంటాయి. ప్రెషర్ తగ్గుతుంది, అడుగున మడ్డి చేరుతుంది. అప్పుడప్పుడు చివర మూత తీసి కడగాలి. ఆఖరి ఇంటివాళ్లు నాకు ఫోన్ చేసి ఎర్ర నీళ్లు వస్తున్నాయని ఏడుస్తారు. వాళ్ల తప్పేం లేదు, మేస్త్రి తప్పూ లేదు.

చెత్త బండి కూడా అంతే. లోపలికి వెళ్లి తిప్పుకునే చోటు లేక వీధి పొడుగునా రివర్సులో వస్తుంది. చిన్నపిల్లలుండే వీధుల్లో అది చూస్తుంటే భయమేస్తుంది.

నిశ్శబ్ద వీధి | ఆదివారం రాత్రి 8:50

రివర్సు సంగతి నిజం. మా వీధిలో రోజూ చూస్తాను, ఆ టైముకి పిల్లల్ని లోపలికి పిలుస్తాం. సింగ్‌నగర్ వాసి గారు రాసింది చదివాక అమ్మకి కూడా చదివి వినిపించాను. కారు రాకుండా నడక దారి మాత్రం అంటే నాకు అభ్యంతరం లేదు. మా సంఘం మీటింగులో నేనే ఎత్తుతాను. రాత్రిపూట దీపం, కెమెరా ఉండాలని మాత్రం అడుగుతాను.

ప్లానింగ్ చదువుతున్నా | ఆదివారం రాత్రి 9:15

దీపం తప్పకుండా ఉండాలండీ, అది సరైన షరతు.

సర్వేయర్ గారు చెప్పిన చెక్కల సమస్యకి మన పక్కనే ఒక జవాబు ఉంది. కృష్ణకి అవతల అమరావతిలో 2015లో భూసమీకరణ చేసినప్పుడు 29 గ్రామాల పొలాలు కలిపి, ముందు రోడ్ల గడి గీసి, తర్వాత రైతులకి ప్లాట్లు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. తూర్పు పడమరల రోడ్లకి ఒక అక్షరం, ఉత్తర దక్షిణాలకి ఇంకో అక్షరం, పక్కన అంకె. మళ్లీ బ్రాడీపేట 4/7 లాంటి చిరునామాయే. గుజరాత్‌లో ఇదే పనిని చిన్న ఎత్తున, వంద హెక్టార్ల చొప్పున దశాబ్దాలుగా చేస్తున్నారు. దాని చట్టం మూలం 1915 నాటి బొంబాయి చట్టం. పొలాలు కలిపి, కొంత భాగం రోడ్లకి తీసుకుని, మిగిలింది చక్కని ఆకారంలో తిరిగి ఇస్తారు. ఎవరి భూమీ పూర్తిగా పోదు.

ఐక్యరాజ్యసమితి నగరాల విభాగం చెప్పే లెక్క కూడా రాస్తాను. ఊరి భూమిలో కనీసం 30 శాతం వీధులకి ఉండాలి, చదరపు కిలోమీటరుకి కనీసం 18 కిలోమీటర్ల వీధులు ఉండాలి. మనవాళ్లు రోడ్డు ఎన్ని అడుగులని మాత్రమే అడుగుతారు. ఎన్ని చోట్ల కలుస్తుందని ప్లాటు కొనే రోజున ఎవరూ అడగరు.

ఆటోస్టాండ్ బెంజిసర్కిల్ | ఆదివారం రాత్రి 9:40

బెంజిసర్కిల్లో ఫ్లైఓవర్లు వచ్చాక హైవే బండ్లు పైనుంచి పోతున్నాయి, అది మేలే. చిన్నవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దాకా వేసిన బైపాస్‌తో లారీలు కూడా తగ్గుతాయి. కానీ మేడమ్ పాపని బడికి తీసుకెళ్లే దారి ఫ్లైఓవర్‌తో తగ్గదు. తాడిగడప నుంచి ఎనికేపాడుకి వంద అడుగుల రోడ్డు పడ్డాక చూశాం కదా, బందరు రోడ్డు నుంచి ఏలూరు రోడ్డుకి పోవాలంటే బెంజిసర్కిల్ దాకా రానక్కర్లేదు. అలాంటి అడ్డరోడ్లు ఇంకా కావాలి.

పోరంకి పడమర | మంగళవారం రాత్రి 9:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. సింగ్‌నగర్ వాసి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

సర్వేయర్ గారు చెప్పినట్టే చేశాను. సచివాలయంలో గ్రామ నక్షా నకలు అడిగితే మర్నాడు ఇచ్చారు. మా వీధి చివర, సరిగ్గా గోడ ఉన్నచోట, రెండు సన్నని గీతల మధ్య తెలుగులో ‘డొంక’ అని రాసి ఉంది. అది బందరు రోడ్డు నుంచి మొదలై మా కాలనీ, వాళ్ల కాలనీ మధ్యగా కాలువ కట్ట దాకా పోతోంది. ఇవాళ సాయంత్రం నిచ్చెన వేసుకుని గోడ అవతలికి చూశాను. అటువైపు ఉన్నది వాళ్ల కాలనీ కాదు. సర్కారు తుమ్మ, విరిగిన టైల్స్, పాత కమోడ్లు, దాని తర్వాత వాళ్ల గోడ. రెండు గోడలు! ఆరేళ్లుగా ఒక గోడ అనుకున్నాను. మధ్యలో ఆ డొంక అలాగే పడి ఉంది.

గొలుసు సర్వేయర్ | మంగళవారం రాత్రి 10:10

అనుకున్నదే అమ్మా. అది డొంక పోరంబోకు అయి ఉంటుంది, ఎవరూ అమ్మలేరు, కొనలేరు. ఇద్దరూ తమ హద్దు దాకా గోడ కట్టుకుని మధ్యది మర్చిపోయారు. నక్షాతో పాటు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు కూడా తీసుకోండి, కొలతలు అందులో లింకుల్లో, అంటే సర్వే గొలుసు కడియాల లెక్కలో, ఉంటాయి. ఆదివారం నేను టేపు, పాత గొలుసు రెండూ తెస్తాను. డబ్బు మాట ఎత్తొద్దు. రెండు కాలనీల వాళ్లనీ పిలవండి. ఒకవైపు వాళ్లే ఉండి కొలిస్తే రెండోవైపు వాళ్లు నమ్మరు.

బ్రాడీపేట 4/7 | బుధవారం ఉదయం 6:05

ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. సర్వే రాయి కోసం గడ్డి కింద కొంచెం తవ్వి చూడండి, తుమ్మ వేళ్ల మధ్య ఉంటుంది.

పోరంకి పడమర | ఆదివారం మధ్యాహ్నం 12:20

కొలిచాం. తాతగారు చెప్పినట్టే రాయి తుమ్మ మొదట్లో దొరికింది, సగం విరిగి. డొంక వెడల్పు ఒకచోట 17 అడుగులు, ఇంకోచోట 19. మా గోడ ఒకచోట అడుగున్నర డొంకలోకి వచ్చింది, వాళ్ల గోడ రెండడుగులు. ఆ సంగతి సర్వేయర్ గారు రెండువైపుల వాళ్ల ముందూ ఒకే గొంతుతో చెప్పారు, ఎవరూ గొడవ పెట్టుకోలేదు.

టేపు అటు చివర పట్టుకున్నది వాళ్ల కాలనీ సంఘం పెద్దాయన. కార్లకి వద్దు, నడకకీ సైకిల్‌కీ స్కూటీకీ సరిపడా చాలు, దీపాలు పెట్టించాలి అన్నారు. మా వాళ్లూ ఒప్పుకున్నారు. అర్జీ రాశాం, మా వీధి నుంచి 31 సంతకాలు, వాళ్ల నుంచి 26. రేపు సోమవారం అర్జీల రోజు, పొద్దున్నే వెళ్లి ఇస్తున్నాం. రసీదు నంబరు రాగానే ఇక్కడ పెడతాను.